బల్ల కింది పెడల్

"పది ఇరవై ఆరుకి మామయ్య ఆడటం ఆపేశారు. పది ముప్పై నాలుగుకి ఆటే ఆగిపోయింది. పది ముప్పై ఆరుకి నేను మేడ దిగి వచ్చేసరికి ఇదిగో, ఇక్కడ బోర్లా పడి ఉన్నారు."

కోడలు చూపించిన చోట గచ్చు మీద కానిస్టేబుల్ సుద్దముక్కతో గీసిన గీత ఉంది. గీత లోపల, తల ఉండాల్సిన చోట, అరచేయంత మరక ఎండిపోయి ఉంది. కుర్చీ తిరగబడలేదు. చేతికర్ర గోడకి ఆనించినట్టే ఉంది.

టైమమ్మ మూడు అంకెలనీ చేతిపుస్తకంలో ఒకదాని కింద ఒకటి రాసుకుంది. పోలీసు ఉద్యోగం చేసిన ఇరవై రెండేళ్ళూ ఎవరేం చెప్పినా ఆవిడ ముందుగా "టైమెంత?" అని అడిగేది. ఆ పేరు అక్కడ పడిందే. ఓ పెద్దమనిషి పేరు చార్జిషీటులోంచి తీసెయ్యమన్న రోజున ఉద్యోగం వదిలేసి వచ్చింది గానీ, పేరు మాత్రం ఆవిడని వదల్లేదు. ఇప్పుడు యాభై నాలుగేళ్ళు, సొంత డిటెక్టివ్ ఆఫీసు, మెడలో తాడుకి వేలాడే స్టాప్‌వాచీ. ఎనిమిదో తరగతిలో ఆవిడకి పరుగు నేర్పింది, ఇవాళ ఆస్పత్రిలో స్పృహ లేకుండా పడి ఉన్న ఈ డ్రిల్ మాస్టారే.

"పది ఇరవై ఆరు అని అంత కచ్చితంగా ఎలా చెప్తున్నావు?"

"నేను అంపైర్‌నండీ. గడియారం నా కళ్ళ ముందే ఉంటుంది."

"మరి ఇరవై ఆరుకి ఆగిపోతే ముప్పై ఆరు దాకా పైన ఏం చేస్తున్నావు?"

కోడలు గడ్డం ఎత్తింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. పొద్దుట్నుంచీ ఏడ్చిన కళ్ళే గానీ, చూపు మాత్రం తొణకలేదు. "అడగాల్సిందే అడిగారు. మైకులో పిలిచాను. 'మామయ్యా, ఆగిపోయారేంటి?' అన్నాను. ఆయన పలకరు. పక్షవాతం వచ్చాక మాట ముద్దగా వస్తుంది, పదిమందిలో నోరు విప్పరు. కానీ నేను పిలిచిన కాసేపటికి తెర మీద ఆయన ఆడించే బొమ్మ కదిలింది. నడుచుకుంటూ గోలు పక్కకెళ్ళి నిలబడింది. కాపలా కాస్తున్నారు కాబోలు అనుకున్నాను."

"ఎంతసేపు నడిచింది?"

"నలభై సెకన్లు."

టైమమ్మ నాలుగో అంకె రాసుకుని దాని చుట్టూ సున్నా చుట్టింది.

ఆట సంగతి ఆవిడకి దారిలో ఫోన్లోనే సగం తెలిసింది. మాస్టారికి ఆరేళ్ళ కిందట కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయాయి. ముప్పై ఏళ్ళు ఈల ఊదిన మనిషి కుర్చీకి అతుక్కుపోయాడు. ఓ రోజు కోడలు కంప్యూటర్లో తుపాకుల ఆట ఆడుతుంటే వెనక నుంచి చూసి, "ఇంతమంది పరుగెత్తుతున్నారు, ఎగురుతున్నారు, గురి చూస్తున్నారు. ఒకణ్ణొకడు చంపుకోవడం తప్ప వీళ్ళకి వేరే పని లేదుటమ్మా? ఇందులో ఓ బంతి పడేసి చూడు!" అన్నాడు. కోడలిది ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. నవ్వుకుంటూనే బంతి పడేసింది. తూటాల బదులు తుపాకీలోంచి గాలి వచ్చేలా మార్చింది. గాలి తగిలితే బంతి దొర్లుతుంది, మనిషికి తగిలితే కాసేపు చతికిలబడతాడు, అంతే. మాస్టారు రూల్సు చెప్పడం, కోడలు కోడు రాయడం. ఎవరో తయారుచేసిన ఆటని అభిమానులు ఇలా మార్చుకుంటే దాన్ని మోడ్ అంటారట. వీళ్ళు దానికి తోపు అని పేరు పెట్టారు. నాలుగేళ్ళలో నూట నలభై జట్లయ్యాయి.

అప్పుడు మేలుకుంది, అసలు ఆట తయారుచేసిన కంపెనీ. తోపు మా ఉద్యోగుల బుర్రలోంచి పుట్టింది, మాదే అంటూ నోటీసు పంపింది. రేపు పదకొండింటికి మధ్యవర్తుల ముందు విచారణ.

"ఆట నడిపే సర్వర్లోంచి ముప్పై నాలుగుకి పీకేసిన డిస్కులో ఏముంది?"

"మొదటి రోజు పడేసిన బంతి దగ్గర్నుంచి మొన్న మార్చిన రూలు దాకా, ఏది ఎప్పుడు రాశామో తేదీలతో సహా మొత్తం ఉంది."

"ఇంకో కాపీ ఉంచుకోలేదా?"

"నాలుగున్నాయి. కానీ కాపీలో తేదీలు దిద్దుకోవచ్చంటారు వాళ్ళ లాయర్లు. అసలు డిస్కయితే ఎవరూ నోరెత్తలేరు. అది కాకుండా ఇంకో సాక్ష్యం మామయ్యే. ఏ రూలు ఎందుకు పెట్టారో ఆయన్ని అడిగితే గంటసేపు చెప్తారు, ముద్ద మాటలైనా సరే."

"అంటే రెండు సాక్ష్యాలు. రెంటినీ ఒకే పూట తప్పించారు." టైమమ్మ చేతిపుస్తకం మూసింది. "ఇంట్లో ఇంకెవరున్నారు?"

"మా ఆయన. మూడు రోజులుగా ఊళ్ళో లేరు, ఆఫీసు పని మీద వెళ్ళారు. ఫోన్ చేశాను. సాయంత్రానికి వస్తానన్నారు."

టైమమ్మ గదిని గోడల దగ్గర్నుంచి మొదలుపెట్టి చూసుకుంటూ వచ్చింది. వెనక తలుపు సందులోకి తెరుచుకుంటుంది, పగలు గొళ్ళెం పెట్టరట. అలమరలో సర్వర్ పెట్టె మూత తీసి పక్కన పెట్టి ఉంది. నాలుగు మరలూ అలమర అంచు మీద వరసగా పేర్చి ఉన్నాయి. కంగారు పడిన వాడి పని కాదు. మాస్టారి కంప్యూటర్ వేరు, దాన్నెవరూ ముట్టుకోలేదు. బల్ల మీద ఎడమ వైపున మౌసు ఉంది. కీబోర్డు లేదు.

"మరి ముందుకు నడవడం ఎలా?"

కోడలు వంగి, బల్ల అంచు నుంచి నేల దాకా వేలాడుతున్న ముదురు నీలం గుడ్డని పక్కకి తీసింది. లోపల ఎడమ మూలగా చిన్న చెక్కపెట్టె, అందులో పాత కుట్టుమిషను పెడల్. "ఎడమ చేత్తో గురి, ఎడమ కాలితో నడక. ఈ పెడల్ తొక్కితేనే బొమ్మ ముందుకు పోతుంది. వేరే దారి లేదు."

"దీని సంగతి ఎవరెవరికి తెలుసు?"

ఆ ప్రశ్నకి జవాబు ముందు వైపు కొట్లోంచి వచ్చింది. ఇంటి ముందు భాగంలో టైలరు కొట్టు ఉంది. టైలరు మెడలో టేపుతో గుమ్మంలో నిలబడ్డాడు. "ఆ పెడల్ నాదేనమ్మా. మాస్టారికి, ఈ అమ్మాయికి, నాకు, అంతే. ఆయనకి చెయ్యీ కాలూ లేవని తెలిస్తే అవతలి జట్టు వాళ్ళు జాలిపడి వదిలేస్తారని ఆయన భయం. 'నన్ను ఓడించేవాడు నన్నే ఓడించాలి గానీ నా రోగాన్ని కాదు' అనేవారు. అందుకే గుడ్డ కప్పించారు."

"కొడుక్కి?"

"ఆయన ఈ గదిలో కాలు పెట్టరు. నాన్నగారిని అలా చూడలేరు పాపం."

"పొద్దున పది ఇరవై నుంచి ముప్పై నాలుగు దాకా నువ్వెక్కడున్నావు?"

"ముగ్గురు పెళ్ళివారమ్మా, కొలతలు తీస్తూ కూర్చున్నాను. మిషను తిరుగుతుంటే వెనక గదిలో పిడుగు పడ్డా వినబడదు."

అతను వెళ్ళాక టైమమ్మ గుడ్డని మళ్ళీ సరిగ్గా వేలాడదీసింది. "అమ్మాయ్, ఈ పెడల్ మాట ఎవరి దగ్గరా ఎత్తకు. కంప్యూటర్లో ఎవరూ లేని మైదానం ఒకటి తెరిచి ఉంచు."

రెండూ ఇరవైకి వీధి గుమ్మంలో కోటు కనబడింది.

కోటు వేసుకున్నవాడి వెంట ఇంకో మనిషి కూడా ఉన్నాడు గానీ, ఎవరికైనా ముందు కనబడేది కోటే. ఎంత ఎండలోనైనా కోటు బొత్తాలన్నీ పెట్టుకుని తిరుగుతాడని అందరూ అతన్ని కోటాయన అంటారు. ఒకప్పుడు టైమమ్మ కింద పనిచేసినవాడే. ఓ దొంగతనం కేసులో టైము తప్పు రాశాడని ఆవిడ నలుగురి ముందూ దిద్దించింది. ఆ మంట పదిహేనేళ్ళయినా చల్లారలేదు. ఇప్పుడు ఆటల కంపెనీలో భద్రతాధికారి.

"మీరూ దిగారా మేడమ్! రిటైరై మనవల్ని ఆడించుకుంటున్నారనుకున్నాను."

"ఆడించడానికే వచ్చాను. నువ్వెందుకొచ్చావు?"

"మా కంపెనీ పెద్దమనసు చూపించడానికి." అతను జేబులోంచి ఓ కాగితం తీసి కోడలి ముందు పెట్టాడు. "సంతకం పెట్టమ్మా. తోపు మీద నీకు హక్కు లేదని రాసిస్తే సరిపోతుంది. మామగారి కేసులో మేమేమీ మాట్లాడం. పెట్టకపోతే మాత్రం, మేడ మీద నువ్వు, కింద ఆయన, మధ్యలో మూడో మనిషి లేడని మేమే పోలీసులకి చెప్పాల్సొస్తుంది. వారం కిందట మామగారితో కేకలేసుకున్నావని వీధంతా చెప్తోంది."

"వేసుకున్నాను," అంది కోడలు. "గాలి తగిలినవాణ్ణి మూడు సెకన్లు కూర్చోబెట్టాలా, నాలుగా అని. రెండు రోజులు మాట్లాడుకోలేదు కూడా. చివరికి మూడున్నర పెట్టాం."

ఆమె కాగితం తీసుకుంది. చదవలేదు. నాలుగు మడతలు పెట్టి, వంగి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపింది. చేత్తో బల్లని ఊపి చూసుకుంది. "ఇప్పుడు బావుంది. థ్యాంక్సండీ."

టైమమ్మకి నవ్వు ఆపుకోవడం కష్టమైంది.

కోటాయన మొహంలో రంగు మారింది. "పొగరు రేపు విచారణలో దిగుతుంది. ఈవిడ మెట్లు దిగొచ్చింది, ముసలాయన్ని తోసింది, మళ్ళీ పైకెళ్ళి ఏమీ ఎరగనట్టు మైకులో మాట్లాడింది. ఇందులో డిటెక్టివ్ చెయ్యాల్సిందేముంది?"

"మెట్లు లెక్కపెట్టాలి. నువ్వు నాకంటే పధ్నాలుగేళ్ళు చిన్నవాడివి. పైన అంపైర్ కుర్చీలో కూర్చుని, నేను ఈల వెయ్యగానే లేచి ఈ కుర్చీ దాకా పరుగెత్తుకు రా. ఎంతసేపు పడుతుందో చూద్దాం."

"నేనా?"

"అవును. నేరం చేసిందని చెప్తున్నది నువ్వే కదా, దారి కూడా నువ్వే చూపించు. ఏం, మోకాళ్ళు నొప్పా?"

కోటాయన వెంట వచ్చిన మనిషి పక్కకి తిరిగి దగ్గాడు. ఆ దగ్గు కోటాయన చెవిన పడింది. ఇక తప్పలేదు. బయటి మెట్లు ఇంటిని చుట్టుకుని రెండంతస్తులు ఎక్కుతాయి. పైకెళ్ళాడు. ఈల విని దడదడ దిగాడు. కుర్చీని పట్టుకునేసరికి నుదుటి మీంచి చెమట కారుతోంది.

"ముప్పై ఎనిమిది," అంది టైమమ్మ స్టాప్‌వాచీ చూసి. "మళ్ళీ ఎక్కడానికి నలభై ఐదనుకో. ఒక మనిషిని పడగొట్టడానికి సున్నా సెకన్లు వేసుకున్నా ఎనభై మూడు. ఆట రికార్డులో ఈ అమ్మాయి గొంతు ఆగిన అతి పెద్ద ఖాళీ ఎంతో తెలుసా? పద్దెనిమిది సెకన్లు."

"రికార్డెక్కడిది? అది డిస్కుతో పాటే పోయిందిగా!"

"ఆడిన ప్రతివాళ్ళ దగ్గరా ఒక కాపీ మిగులుతుందట. గోలీ అనే ఆటగాడు పన్నెండింటికే పంపించాడు. నాకు తెలీదు, ఇవాళే నేర్చుకున్నా." ఆవిడ గొంతు నెమ్మదిగానే ఉంది. "డిస్కులో రికార్డుంటుందని నీకు బాగానే తెలుసే."

"కంపెనీ మనిషిని, ఆ మాత్రం తెలీదా? గొంతు ముందే రికార్డు చేసిపెట్టుకుని వినిపించిందేమో."

"పది ఇరవై నుంచి ముప్పై నాలుగు దాకా పదకొండు ఫౌళ్ళు జరిగాయి. ఫౌల్ చేసినవాడి పేరుతో సహా పదకొండు సార్లూ అరిచింది. ముందే రికార్డు చేసుకోవడానికి ఈ పిల్ల జాతకాలు చెప్పేది కాదు."

టైమమ్మ అటూ ఇటూ పచార్లు చేస్తూ, తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"నాకనిపించేదేంటంటే, ఇది నేరమే కాదు. పది ఇరవై ఎనిమిదికి మాస్టారి బొమ్మ నడిచింది. కాబట్టి అప్పటికి ఆయన బాగానే ఉన్నారు. ఆ తర్వాత తనే తూలి పడ్డారు. ఎందుకంటే ఆ బొమ్మని నడపడం వేరేవాళ్ళ వల్ల కాదు. బల్ల మీద చూడు, ఓ మీట లేదు, కీబోర్డు లేదు. ఆయనకేదో సొంత కిటుకుంది. రెండు చేతులూ రెండు కాళ్ళూ సరిగ్గా ఉన్న నువ్వు కూర్చున్నా ఒక్క అడుగు కదిలించలేవు."

"ఎవరు కదిలించలేరు?"

"నువ్వే. మెట్లు దిగడానికే ఆయాసపడ్డావు, ఇదేం చేస్తావులే."

పదిహేనేళ్ళ కిందటి మంటేదో అతని కళ్ళలోకి వచ్చింది. రుమాలుతో మొహం తుడుచుకుని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కుడిచేత్తోనే మౌసుని పట్టుకున్నాడు. ఎడమకాలు బల్ల కిందికి వెళ్ళింది. వెతుక్కోలేదు. తడుముకోలేదు. అలవాటైన ఇంట్లో చెప్పుల్లోకి కాలు దూర్చినట్టు, గుడ్డ చాటుకి, ఎడమ మూలకి, తిన్నగా చెక్కపెట్టెలోకి వెళ్ళి తొక్కింది.

తెర మీద ఖాళీ మైదానంలో బొమ్మ ముందుకు నడిచింది.

"చూశారా? ఇదా మీ కిటుకు! ఎవడైనా..."

మాట అక్కడే ఆగింది. కోడలు రెండు చేతులతో నోరు మూసుకుంది. గుడ్డ అంచు ఇంకా కొద్దిగా ఊగుతోంది. టైమమ్మ స్టాప్‌వాచీ మీట నొక్కింది.

"నాలుగు సెకన్లు," అంది. "నాకు కనిపెట్టడానికి ఈ అమ్మాయి చూపించాల్సొచ్చింది. పొద్దున ఈ అమ్మాయి పిలిచినప్పుడు, కిందికి దిగి రాకుండా ఆ బొమ్మని నలభై సెకన్లు నడిపించింది ఈ కాలే. ఈ గదిలోకి నువ్వు మొదటిసారి ఎప్పుడొచ్చావు?"

అతను నిదానంగా కాలు వెనక్కి తీసుకున్నాడు. లేచాడు. కోటు బొత్తాలు పైనుంచి కింది దాకా ఒక్కోటీ సర్దుకున్నాడు. మళ్ళీ నవ్వు వచ్చింది మొహంలోకి. "ఇప్పుడే వచ్చాను మేడమ్, మీ కళ్ళ ముందే. ఏదో ఉంటుందని ఊహించాను. నా కాలు ఊహించిందని కోర్టులో చెప్పండి, జడ్జిగారు కాసేపు నవ్వుకుంటారు. చూసినవాడెవడైనా ఉన్నాడా?"

"ఉన్నారు. నీ పక్కనే కూర్చుని ఆడుతూ, నువ్వు మాట్లాడ్డానికొచ్చావనుకుని తన కాలు కూడా దాచుకోకుండా చూడనిచ్చిన మనిషి."

"ఆయనా?" కోటాయన చేతి గడియారం చూసుకున్నాడు. "ఆయన మాట్లాడితే వింటాం."

అతని బండి వీధి మలుపు తిరిగేసరికి టైము రెండూ నలభై ఎనిమిది.

"ఏమ్మా, గడియారం చూసుకున్నాడు గమనించావా?" అంటూనే టైమమ్మ ఆస్పత్రికి ఫోన్ కలిపింది. నర్సు ఎత్తింది. "మాస్టారికి ఎలా ఉంది?"

"అలాగే ఉన్నారండీ. వేళ్ళు కొద్దిగా కదుపుతున్నారు. కానీ మూడింటికి వేరే ఆస్పత్రికి తీసుకెళ్ళిపోతారుగా. కంపెనీ వాళ్ళ అంబులెన్సు వచ్చి కింద ఉంది, కాగితాలు తెచ్చారు. డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు, ఆయన వచ్చేసరికి..."

"కదలనివ్వకండి!"

"ఇంటివాళ్ళ సంతకం ఉంటే మేమెలా ఆపుతామండీ?"

స్టేషన్‌కి చేసింది. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇస్తే చూస్తామన్నారు. ఇక్కణ్ణుంచి ఆస్పత్రికి బండి మీద పావుగంట. అప్పటికి మూడు దాటుతుంది. టైమమ్మ జీవితంలో మొదటిసారి గడియారాన్ని తిట్టింది.

కోడలు మాత్రం అప్పటికే మేడ మెట్లెక్కుతోంది. టైమమ్మ వెనకే ఎక్కింది. అంపైర్ కుర్చీలో కూర్చుని ఆమె మైకు అందుకుంది. సర్వర్ ఆగినా, జట్లన్నీ మాట్లాడుకునే లైను వేరు, అది ఇంకా పనిచేస్తోంది.

"అంపైర్‌ని మాట్లాడుతున్నాను. నూట నలభై జట్లకీ చెప్తున్నాను. ఇవాళ పొద్దున మాస్టారు ఆట మధ్యలో వెళ్ళిపోలేదు, ఆయన్నెవరో తల మీద కొట్టి పడేశారు. ఆయన పెద్దాస్పత్రి మూడో అంతస్తులో ఉన్నారు. స్పృహ లేని మనిషిని పది నిమిషాల్లో ఎక్కడికో తీసుకుపోబోతున్నారు. దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే, వచ్చి లిఫ్టు ముందు నిలబడండి. ఎవర్నీ కొట్టొద్దు, తిట్టొద్దు. నేనొచ్చేదాకా నిలబడితే చాలు."

మూడూ ఐదుకి టైమమ్మా, కోడలూ మూడో అంతస్తు చేరారు. లిఫ్టు ఎదుట నడవ కనబడలేదు, మనుషులే కనబడ్డారు. బస్సు కండక్టరు యూనిఫాంలోనే వచ్చాడు. మందుల షాపాయన చెవి వెనక పెన్నుతో ఉన్నాడు. కవల అక్కచెల్లెళ్ళిద్దరు, చంకకర్రతో ఓ యువకుడు, పిండి చేతులతో బేకరీ మనిషి. ముప్పై మంది దాకా ఉంటారు. నాలుగేళ్ళుగా కలిసి ఆడుతున్నారు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడం ఇదే మొదలు. గొంతులు విని గుర్తుపడుతున్నారు. అందరికంటే ముందు, స్ట్రెచర్ చక్రానికి అడ్డంగా, పోస్టాఫీసు గుమాస్తా ఒకావిడ గొడుగు నేలకి ఆనించి నిలబడి ఉంది. కళ్ళజోడుకి గొలుసు. అరవై దగ్గర పడి ఉంటాయి.

"మీరు?" అంది కోడలు.

"గోలీనమ్మా."

కోడలు ఆమెని గట్టిగా కౌగిలించుకుంది.

స్ట్రెచర్ మీద మాస్టారు. తలకి కట్టు, పక్కకి వాలిన కుడి చెయ్యి, సన్నబడిపోయిన కుడి కాలు. తమందరినీ ఏళ్ళ తరబడి మట్టి కరిపించిన మనిషి ఈయనేనా అని చూస్తున్నారు ఆటగాళ్ళు. ఎవరూ అయ్యో అనలేదు. "పోయిన ఆదివారం నన్ను మూడుసార్లు కూలేశారీయన, ఈ ఒంటి చేత్తోనా!" అన్నాడు కండక్టరు, పళ్ళు కొరుకుతూ, గర్వంగా.

అంబులెన్సు మనుషులిద్దరూ స్ట్రెచర్ తోయడం మానేసి గోడకి ఆనుకున్నారు. వాళ్ళ పక్కన ఒక ఫైలు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నవాణ్ణి చూసి కోడలు నిలబడిపోయింది.

"ఏవండీ? మీరెప్పుడొచ్చారు?"

మాస్టారి కొడుకు తలెత్తలేదు. "నేను ఊరెళ్ళలేదు," అన్నాడు. "ఇక్కడే, వాళ్ళ గెస్టుహౌసులో ఉన్నాను. నాన్న చెయ్యి మళ్ళీ వచ్చేలా వైద్యం చేయిస్తామన్నారు. విదేశీ డాక్టరట. విచారణ అయ్యేదాకా మీ ఇద్దరికీ చెప్పొద్దన్నారు. ఏవేవో కాగితాలిచ్చారు, పెట్టమన్న చోటల్లా సంతకం పెట్టాను. నాకు ఆయన చెయ్యి కావాలి. అంతే అనుకున్నాను."

టైమమ్మ ఫైలు తీసుకుంది. పైన ఉన్న కాగితం బయటికే చదివింది. "'మా తండ్రిగారు స్పృహ లేని స్థితిలో ఉన్నందున, ఆయన వైద్యానికీ, ఆయన తయారుచేసిన ఆటకీ సంబంధించిన సమస్త నిర్ణయాలూ కంపెనీకి అప్పగిస్తున్నాను.' కింద నీ సంతకం. ఇదిగో నోటరీ ముద్ర. వరస నంబరు నాలుగు వందల పదిహేడు. తేదీ..." ఆవిడ ఆగింది. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ చూసింది. "తేదీ పదమూడు."

"ఇవాళ పదిహేను," అన్నాడు కండక్టరు.

"పదమూడో తారీకున మామయ్య రెండు గోల్సు కొట్టారు," అంది కోడలు.

మనిషి పడకముందే పడ్డాడని రాసి, ముద్ర కూడా వేయించారు. రాసినవాడు అన్నీ ఆలోచించాడు గానీ, నోటరీ తన అలవాటు కొద్దీ ఆ రోజు తేదీ వేస్తాడని ఆలోచించలేదు. టైమమ్మకి ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఇంత మంచి సాక్ష్యం చేతికి రాలేదు. స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఈసారి రాతపూర్వకం అన్నవాణ్ణి మాట పూర్తి చెయ్యనివ్వకుండా, నంబరూ తేదీ చదివి వినిపించింది. అవతల కుర్చీ జరిపిన చప్పుడైంది. "వస్తున్నాం మేడమ్."

"ఇంకోటుంది," అన్నాడు కొడుకు.

అతని చేతిలో మడిచిన రెండో కాగితం ఉంది. ఎప్పట్నుంచి పట్టుకున్నాడో, చెమటకి అంచులు తడిసిపోయాయి. "ఫైల్లో దీని కిందే ఉంది. పొరపాటున పెట్టినట్టున్నారు. సంతకం నాదే. వీళ్ళందరూ వచ్చి లిఫ్టు ఆపాక, ఏమీ తోచక ఇప్పుడే చదివాను." అతను భార్య వైపు చూడలేకపోయాడు. "నేను చదవాల్సింది. అన్నీ చదవాల్సింది."

కోడలు కాగితం విప్పింది. టైమమ్మ ఆమె భుజం మీదుగా చూసింది. అదే టైపు, అదే నోటరీ ముద్ర, అదే పదమూడో తేదీ. వరస నంబరు నాలుగు వందల పద్దెనిమిది.

'నా భార్య స్పృహ లేని స్థితిలో ఉన్నందున...'

నడవలో ఎక్కడో ఫోన్ మోగి ఆగిపోయింది. టైమమ్మ చెయ్యి తెలియకుండానే ఆ అమ్మాయి మోచేతిని పట్టుకుంది. "ఇవాళ నువ్వు ఇంటికెళ్ళడం లేదు. మా ఇంటికొస్తున్నావు. రేపు విచారణకి నీ తరఫున నేను వెళ్ళి ఈ రెండు కాగితాలూ వాళ్ళ బల్ల మీద పెడతాను. నువ్వు బయటికి రావద్దు."

కోడలు ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివింది. భర్త వైపు చూసింది, స్ట్రెచర్ వైపు చూసింది. కాగితాన్ని జాగ్రత్తగా టైమమ్మ చేతిలో పెట్టింది. "స్ట్రెచర్ గదిలోకి తిప్పండి," అంది అంబులెన్సు మనుషులతో. వాళ్ళు తిప్పారు.

"మీ ఇంటికొస్తానండీ," అంది తర్వాత. "విచారణకి మాత్రం నేనే వెళ్తాను. పదకొండింటికి వాళ్ళ ఎదురుగా కూర్చుని, ఏ రూలు ఎందుకు పెట్టామో మొదటి రోజు నుంచీ ఒక్కోటీ చెప్తాను. నేను స్పృహలోనే ఉన్నానని వాళ్ళకి తెలియాలి కదా."